డెక్సామెథాసోన్ వర్కింగ్ స్టాండర్డ్: మా ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

మే ఆఖరు

పని ఇది: మా క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ కోసం డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందుకి వర్కింగ్ స్టాండర్డ్, అంటే పరీక్షల్లో పోల్చి చూసుకునే కొలబద్ద లాంటి పొడి, ఒక లాట్ సొంతంగా తయారు చేసి, అన్ని పరీక్షలూ చేసి, లేబుల్ మీద ఒక అంకె వేసి, ఏడాదికి సరిపడా వయల్స్‌లో నింపి పెట్టుకోవాలి. మాది హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్ములేషన్ ప్లాంటు. డెక్సా అర మిల్లీగ్రాము ట్యాబ్లెట్లు చేస్తాం, ఇంజెక్షన్ కూడా చేస్తాం, కాబట్టి ఎస్సే (మందు ఎంతుందో కొలవడం) అనీ డిజల్యూషన్ (ఎంత కరుగుతుందో చూడడం) అనీ కంటెంట్ యూనిఫార్మిటీ (ప్రతి ట్యాబ్లెట్‌లో సమానంగా ఉందా చూడడం) అనీ స్టాండర్డ్ తూచని రోజంటూ ఉండదు. ఇన్నాళ్లూ అన్నింటికీ ఫార్మకోపియా (మందుల అధికారిక ప్రమాణాల గ్రంథం) వాళ్లు అమ్మే స్టాండర్డే వాడేస్తున్నాం. ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) వాళ్లది గాజియాబాద్ నుంచి, యూఎస్‌పీది అమెరికా నుంచి, యూరోపియన్‌ది స్ట్రాస్‌బర్గ్ నుంచి వస్తుంది. ఇంత చేసి వచ్చేది చిన్న వయల్ అడుగున చిటికెడు పొడి. దాన్ని రోజువారీ తూకాలకి ఖర్చు పెడుతుంటే పర్చేజ్‌లో ఉండే అన్న నేను కనపడినప్పుడల్లా "మళ్లీ అయిపోయిందా మేడమ్?" అనే మొదలుపెడతాడు.

ఫార్మకోపియా ఇచ్చేది ప్రైమరీ స్టాండర్డ్. దానితో పోల్చి మనం తయారు చేసుకునేది సెకండరీ, ల్యాబ్‌లో అందరూ అనేది వర్కింగ్ స్టాండర్డ్. ఏపీఐల (మందులో పనిచేసే అసలు పదార్థాల) కోసం రాసిన ఐసీహెచ్ క్యూ7 అనే అంతర్జాతీయ మార్గదర్శకంలో దీని సంగతి స్పష్టంగానే ఉంది: ప్రతి లాట్‌నీ మొదటిసారి వాడే ముందే ప్రైమరీతో పోల్చాలి, ఆ తర్వాత కూడా రాసి పెట్టుకున్న ప్రోటోకాల్ ప్రకారం ఎప్పటికప్పుడు మళ్లీ పరీక్షించాలి. మాది ఏపీఐ ప్లాంటు కాకపోయినా మేమూ దాన్నే పట్టుకున్నాం.

సాధారణంగా ఇది ఎలా జరుగుతుందో క్యూసీలో పనిచేసిన వాళ్లకి చెప్పక్కర్లేదు. చేతికొచ్చిన ఏపీఐ బ్యాచ్ ఒకటి తీసుకుని, ప్రైమరీకి ఎదురుగా ఎస్సే కొట్టి, వచ్చిన సగటు లేబుల్ మీద రాసేసి, ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. ఆ అంకె ఎంత పెద్ద విషయమో అప్పుడు ఎవరికీ తట్టదు. కిరాణా కొట్టులో తూకం రాయే తరుగుంటే ఆ రోజు అమ్మిన బియ్యమంతా కాగితం మీద ఎక్కువే కనపడుతుంది కదా, ఇదీ అంతే. లేబుల్ మీద 99.4 అని రాసుండి లోపల నిజంగా 98.9 ఉందనుకోండి, మన ట్యాబ్లెట్ల రిజల్ట్ ప్రతిసారీ అర శాతం ఎక్కువే చూపిస్తుంది, పైగా ఎన్నిసార్లు తిరగేసినా అదే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. అందుకే ఈసారి ఆ అంకెని ఒకదానితో ఒకటి సంబంధం లేని దారుల్లో పట్టుకోవాలని మా సార్‌ని ఒప్పించాను. ఎస్సే ఒక దారి, మాస్ బ్యాలెన్స్ (వందలోంచి డెక్సా కానివన్నీ తీసేసే లెక్క) ఇంకో దారి, వీలైతే ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులోని ప్రోటాన్లని లెక్కపెట్టే పద్ధతి) మూడోది.

జూన్ మొదటి వారం

లాట్ ఎంపిక. స్టోర్స్‌లో ఉన్న ఏపీఐ బ్యాచ్‌ల సర్టిఫికెట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. నేను చూసింది మొత్తం ఇంప్యూరిటీ ఎంత తక్కువ ఉందనేది కాదు, డెక్సాకి కవల లాంటి బీటామెథాసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ ఎంత ఉందనేది. మైక్రనైజ్ చేసిన (బాగా సన్నగా నూరిన) బ్యాచ్‌లని కూడా పక్కన పెట్టించాను, ఎందుకో తూకం దగ్గర చెబుతాను.

వచ్చిన శాంపిల్‌కి ముందు ఐఆర్ (పదార్థాన్ని గుర్తుపట్టే పరారుణ స్పెక్ట్రమ్) తీశాం. డెక్సాలో చూడాల్సిన చోట్లు తెలిసినవే. 1700 చుట్టుపక్కల 20వ కార్బన్ కీటోన్, 1660 దగ్గర ఎ రింగ్ (స్టెరాయిడ్ అణువులో మొదటి వలయం) లోని కాంజుగేటెడ్ కీటోన్, ఆ కిందనే 1620, 1600 దగ్గర డబుల్ బాండ్లు. పీకులన్నీ ఉన్నాయి, కానీ ప్రైమరీ స్పెక్ట్రమ్ మీద పెట్టి చూస్తే హైడ్రాక్సిల్ వైపు ఆకారం వేరేగా ఉంది, వేలిముద్ర భాగంలో రెండు మూడు పీకుల ఎత్తులు కూడా అటూ ఇటూ అయ్యాయి. కొత్తగా చేరిన అబ్బాయి చూసి "ఫెయిల్ అయిపోయిందా మేడమ్?" అని కంగారు పడ్డాడు. కాదు, స్టెరాయిడ్లతో ఇది మామూలే, ఒకే పదార్థం రెండు మూడు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది, ఘనరూపంలో తీసిన ఐఆర్‌లో ఆ తేడా బయటపడుతుంది. ఇలా అయితే ఏం చేయాలో ఫార్మకోపియాల్లోనే ఉంటుంది. శాంపిల్‌నీ స్టాండర్డ్‌నీ విడివిడిగా కొద్దిపాటి సాల్వెంట్‌లో కరిగించి, ఆవిరి చేసి, మిగిలిన పొడులకి మళ్లీ స్పెక్ట్రమ్ తీయాలి. అలా చేశాక రెండు గీతలూ అచ్చు ఒకటే. ప్రోటోకాల్‌లో రెండు జతలూ జోడించాం, మొదటి జత దాచాల్సినంత తప్పేమీ కాదు, పైగా ఆడిట్‌లో అడిగేది ముందు దాని గురించే.

జూన్ మధ్య: బీటాతో గొడవ

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్న భాగం ఇదే కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను.

డెక్సామెథాసోన్‌కీ బీటామెథాసోన్‌కీ ఉన్న తేడా ఒక్క మిథైల్ గ్రూపు ఎటు తిరిగి ఉందనేదే. 16వ కార్బన్ మీద అది కిందికి ఉంటే డెక్సా, పైకి ఉంటే బీటా. ఫార్ములా రెండింటికీ ఒకటే, అణుభారం ఒకటే, 392.46. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే రెండూ 393 దగ్గరే కూర్చుంటాయి, హెచ్‌ఎఫ్ పోయి 373 అవడం కూడా రెండింటిలోనూ ఉంటుంది. యూవీ అంతకన్నా గుడ్డిది. రెండింటిలోనూ ఎ రింగ్ ఒకటే, శోషణ 240 నానోమీటర్ల దగ్గరే. అంటే డెక్సా స్టాండర్డ్‌లో ఒక శాతం బీటా కలిసి ఉన్నా యూవీ ఎస్సే హాయిగా పాసైపోతుంది. ఈ రెండూ మందుగా దాదాపు సమాన బలం ఉన్నవే, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేసే పని 0.75 డెక్సా చేస్తుంది, బీటా అయితే 0.6 చాలంటారు. అయినా స్టాండర్డ్ సంగతికొస్తే "రెండూ ఒకటేలే" అనుకోడానికి లేదు, సీసా మీద ఏ పేరుందో లోపల అదే ఉండాలి.

పట్టుకునే దారులు రెండు. ఒకటి ఆప్టికల్ రొటేషన్: డయాక్సేన్‌లో డెక్సా ప్లస్ 75 చుట్టుపక్కల తిప్పితే, బీటా 110 దాటి తిప్పుతుంది. తేడా పెద్దదే, కానీ అర శాతం బీటా ఉంటే అది కదిపేది 0.2 డిగ్రీలు, పోలారిమీటర్ రీడింగ్ ఊగిసలాటలో అది కలిసిపోతుంది. కాబట్టి అసలు పని హెచ్‌పీఎల్‌సీదే (ద్రావణాన్ని కాలమ్ గుండా పంపి, కలిసి ఉన్నవాటిని విడదీసే యంత్రం). సీ18 కాలమ్ మీద నీళ్లు, ఎసిటోనైట్రైల్‌తో నడిపితే బీటా ముందు వస్తుంది, దాని వెంటే డెక్సా.

మా దగ్గరున్న పాత కాలమ్ మీద వేసి చూస్తే బీటా విడిగా రావాల్సింది పోయి డెక్సా పీకు ముందు భుజంలా నిలబడింది. ట్యాబ్లెట్ ఎస్సేకి ఆ కాలమ్ ఇన్నాళ్లూ బాగానే పనికొచ్చింది, ఎందుకంటే అక్కడ ఎవరూ బీటాని వెతకరు. కొత్త కాలమ్ బిగించి, ఆర్గానిక్ కాస్త తగ్గించి, ఓవెన్ టెంపరేచర్ మీద ఒక రోజంతా కూర్చున్నాం. టెంపరేచర్ పెంచితే పీకులు సన్నగా, అందంగా వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది, కానీ రెండూ దగ్గరికి జరుగుతాయి. తగ్గిస్తే పీకులు వెడల్పవుతాయి గానీ మధ్యలో బేస్‌లైన్ కిందికి దిగుతుంది. చివరికి రిజల్యూషన్ (రెండు పీకులు ఎంత విడిపోయాయనే కొలత) 2 దాటిన చోట ఆగాం. రన్ టైము పెరిగింది, సీక్వెన్స్ రాత్రంతా నడుస్తుంది, నడవనీ.

సిస్టమ్ సూటబిలిటీకి (యంత్రం, కాలమ్ ఆ పనికి సరిపోతాయా అని ముందు చూసే పరీక్షకి) డెక్సా, బీటా కలిపిన ద్రావణం పెట్టుకున్నాం. మా సార్ "మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కలిపితే చాలదా, సులువుగా విడిపోతుంది కదా" అన్నారు. సులువుగా విడిపోయే దానితో పరీక్ష పెడితే కాలమ్ పాసవుతుంది సార్, మనకి కావలసింది ఎపిమర్‌ని, అంటే ఒక్క కార్బన్ దగ్గర మాత్రమే తేడా ఉన్న బీటాని, విడదీసే కాలమ్ అన్నాను. ఒప్పుకున్నారు.

లాట్‌లో బీటా చాలా తక్కువే ఉంది. చివర్లో డెక్సామెథాసోన్ ఎసిటేట్ చిన్న పీకు, మధ్యలో ఇంకో రెండు చిల్లర పీకులు. మొత్తం క్రొమటోగ్రాఫిక్ ప్యూరిటీ 99.62. ఇక్కడ ఒక మాట: ఈ అంకె ఏరియా శాతం. ఎ రింగ్ చెడకుండా ఉన్న ఇంప్యూరిటీలన్నీ 240 దగ్గర డెక్సా లాగే స్పందిస్తాయి కాబట్టి వాటి వరకు నమ్మొచ్చు. ఎ రింగే పాడైనవి ఈ వేవ్‌లెంగ్త్‌లో సగం కనపడతాయో, అసలు కనపడవో. అందుకని పీడీఏ (అన్ని వేవ్‌లెంగ్త్‌లూ ఒకేసారి చూసే డిటెక్టర్) డేటా తెరిచి 210 దగ్గర కూడా చూశాం, కొత్తవేమీ లేవలేదు.

తొలకరి పడ్డాక: నీళ్ల లెక్క

వానలు మొదలయ్యాయి, నీళ్ల లెక్క కూడా ఇప్పుడే పడింది.

మాస్ బ్యాలెన్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. వందలోంచి తేమ, మిగిలిపోయిన సాల్వెంట్లు, కాల్చితే మిగిలే బూడిద తీసేసి, మిగిలిన దాన్ని క్రొమటోగ్రాఫిక్ ప్యూరిటీతో గుణిస్తే పొడిలో నిజంగా ఎంత డెక్సా ఉందో వస్తుంది. హెడ్‌స్పేస్ జీసీలో (వేడి చేస్తే వచ్చే ఆవిరిని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీలో) సాల్వెంట్లన్నీ కలిపి 500 పీపీఎం, అంటే 0.05 శాతం. బూడిద 0.03. ఈ రెండూ గొడవ లేకుండా అయిపోయాయి. తేమ దగ్గర మాత్రం ఇరుక్కున్నాం.

మామూలు వాల్యూమెట్రిక్ కార్ల్ ఫిషర్‌లో (నీళ్లని కొలిచే టైట్రేషన్) పొడి వేస్తే 0.5 శాతం చుట్టూ వచ్చింది. అదే పొడికి 105 డిగ్రీల దగ్గర లాస్ ఆన్ డ్రయింగ్ చేస్తే 0.22. ఇది తలకిందుల వ్యవహారం. ఆరబెడితే నీళ్లతో పాటు సాల్వెంట్లు కూడా పోతాయి, కాబట్టి ఆ అంకె కార్ల్ ఫిషర్ కంటే కాస్త ఎక్కువ ఉండాలి తప్ప సగానికి సగం తక్కువ ఉండకూడదు. నీళ్లు స్ఫటికం లోపల ఇరుక్కుని 105 దగ్గర బయటికి రావట్లేదేమో అని ఒక ఆలోచన. ఇంకో ఆలోచన, కార్ల్ ఫిషరే అబద్ధం చెబుతోందేమో అని.

టైట్రేటర్ ముందు నిలబడి స్క్రీన్ మీద గీతని చూస్తే విషయం అర్థమైంది. ఖాళీ పాత్రలో డ్రిఫ్ట్ (పొడి వేయకముందే కనపడే తేమ) నిలకడగానే ఉంది. పొడి వేశాక గీత పైకి లేచి చదునవ్వాలి. అది లేచింది, వంగింది, కానీ చదునవ్వలేదు, నిమిషాలు గడుస్తున్నా సన్నగా ఎక్కుతూనే ఉంది. కలియబెట్టే టైము పెంచితే రిజల్టూ పెరుగుతోంది. నిజంగా పొడిలో ఉన్న నీళ్లయితే ఒకసారి బయటికొచ్చి ఆగిపోవాలి కదా. కీటోన్లు కార్ల్ ఫిషర్ రీఏజెంట్‌లోని మిథనాల్‌తో కలిసి కీటాల్స్‌గా మారుతూ కొత్తగా నీళ్లు పుట్టిస్తాయి, ఆ నీళ్లని యంత్రం శాంపిల్ ఖాతాలో వేస్తుంది. డెక్సాలో కీటోన్లు రెండున్నాయి. ఎ రింగ్‌లోది కాంజుగేట్ అయ్యింది కాబట్టి అంత చురుగ్గా ఉండదు, నా అనుమానం 20వ కార్బన్ మీదున్న దాని మీదే.

దీనికి విరుగుడు తెలిసినదే. కీటోన్ల కోసం మిథనాల్ లేని రీఏజెంట్ దొరుకుతుంది, లేదంటే పొడిని రీఏజెంట్‌లో వేయకుండానే ఓవెన్ పెట్టుకోవచ్చు. మేం ఓవెన్ ఎంచుకున్నాం. మూతపెట్టిన వయల్‌లో పొడిని వేడి చేసి, ఆరిన నైట్రోజన్‌తో ఆవిరిని మాత్రమే కూలోమెట్రిక్ సెల్ (కరెంటుతో నీళ్లని కొలిచే పాత్ర) లోకి తోస్తుంది. పొడి రీఏజెంట్‌ని ముట్టుకోదు, పక్క రియాక్షన్ల గొడవే లేదు. 100 మిల్లీగ్రాములు తూచితే 180 మైక్రోగ్రాముల నీళ్లు, కూలోమీటర్‌కి ఇది సుఖమైన పరిధి. అంటే 0.18 శాతం. దానికి సాల్వెంట్ల 0.05 కలిపితే 0.23, లాస్ ఆన్ డ్రయింగ్ 0.22. ఇప్పుడు అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. గీత కూడా పది నిమిషాల్లోపే చదునైంది.

లెక్క వేస్తే 99.62ని 0.9974తో గుణించాలి, 99.36. మొదటి కార్ల్ ఫిషర్ అంకెనే నమ్మి ఉంటే 99.04 వచ్చేది. 0.3 శాతం ఏముందిలే అనొచ్చు, కానీ అది ప్రతి బ్యాచ్ రిజల్ట్‌లోనూ చేరిపోయే 0.3.

జూన్ ఆఖరు: తూకం

స్టాండర్డ్ పనిలో సగం తూకమే. పీకు ఏరియాలు ఎంత చక్కగా వచ్చినా తూకం బోటులో ఎంత పొడి పడిందనేది తప్పితే అంతా తప్పే. మా దగ్గర ఐదు దశాంశాల బ్యాలెన్స్ ఉంది, అంటే 0.01 మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. యూఎస్‌పీ 41వ చాప్టర్ లెక్క ప్రకారం ఆ బ్యాలెన్స్ ఎంత మంచిదైనా 8.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ తూచకూడదు, ఎందుకంటే ఆ కిందికి పోతే తూకంలో తేడా 0.10 శాతం దాటకూడదనే షరతు నిలవదు. పది మిల్లీగ్రాములు తూచడమంటే ఆ గట్టు మీద నడవడమే. అందుకని క్వాలిఫికేషన్ తూకాలన్నీ 25 మిల్లీగ్రాములకి మార్చాం. ప్రైమరీ పొడి ఎక్కువ ఖర్చవుతుంది నిజమే, పర్చేజ్ అన్నకి ముందే చెప్పి పెట్టాను.

ఇక స్టాటిక్ విద్యుత్తు. డెక్సా పొడి తెల్లగా, మెత్తగా ఉంటుంది, మైక్రనైజ్ చేసిందైతే ఇంకా ఘోరం, స్పాచులా దగ్గరికి తెస్తే చాలు ఎగిరి గాజు తలుపుకి అంటుకుంటుంది. రీడింగ్ నిలవదు, 25.13, 25.11, 25.14 అంటూ ఊగుతుంది. అయోనైజర్ (స్టాటిక్‌ని పోగొట్టే పరికరం) పెట్టాం, ప్లాస్టిక్ వెయింగ్ బోట్లు మానేసి అల్యూమినియంవి తెచ్చాం, తూచాక బోటుని అలాగే ఫ్లాస్క్‌లోకి కడిగేస్తున్నాం, తిరిగి తూచి తేడా రాసుకోవడం కంటే ఇది నమ్మకంగా ఉంది. ఒక సంగతి, ఇది మామూలు పొడి కాదు, మైక్రోగ్రాముల్లో కూడా ఒంటి మీద పనిచేసే స్టెరాయిడ్, కాబట్టి వెంటెడ్ ఎన్‌క్లోజర్ లోపలే తూకం, డబుల్ గ్లవ్స్, మాస్కు. ఫ్యాన్ గాలికి బ్యాలెన్స్ కదులుతుందని ఎన్‌క్లోజర్ ఆపేసే పెద్దమనుషులు ప్రతి ల్యాబ్‌లోనూ ఒకరుంటారు. మా దగ్గర గాలి వేగం తగ్గించి, డ్రాఫ్ట్ షీల్డ్ సరిచేసి పని కానిచ్చాం.

ద్రావణాలన్నీ అంబర్ ఫ్లాస్కుల్లోనే. డెక్సా ఎ రింగ్‌కి వెలుతురు పడదు. కావాలనే ఒక పారదర్శక ఫ్లాస్క్‌ని కిటికీ దగ్గర పెట్టి, జతగా ఇంకోదానికి ఫాయిల్ చుట్టి పెట్టాం. సాయంత్రానికి కిటికీ దగ్గర దాంట్లో కొత్త పీకులు లేచి కూర్చున్నాయి, ఫాయిల్ చుట్టినదాంట్లో ఏమీ లేదు. ఆ రెండు క్రొమటోగ్రామ్‌లనీ ప్రింట్ తీసి తూకం గదిలో అంటించాం, ఎస్‌ఓపీలో (పని పద్ధతి రాసిన పత్రంలో) రాసిన వాక్యం కన్నా అది బాగా పనిచేస్తోంది.

జూలై: మూడో దారి

ఎన్ఎంఆర్ మా దగ్గర లేదు, బయటి ల్యాబ్‌లో చేయించాం. క్వాంటిటేటివ్ ఎన్ఎంఆర్‌లో ఉన్న సుఖం ఏంటంటే దానికి డెక్సా ప్రైమరీ అక్కర్లేదు. ప్యూరిటీ తెలిసిన వేరే పదార్థం ఏదైనా ఇంటర్నల్ స్టాండర్డ్‌గా కలిపి, ప్రోటాన్ల లెక్కతో నేరుగా కొలవొచ్చు. అంటే మా ఎస్సేకీ దీనికీ చుట్టరికం లేదు, సాక్ష్యం విడిగా ఉంటుంది.

వాళ్లు ముందు మలీయిక్ యాసిడ్ ప్రతిపాదించారు, చాలామంది వాడేది అదే. నేను వద్దన్నాను. డీఎంఎస్‌ఓలో దాని పీకు 6.2, 6.3 మధ్య వస్తుంది, డెక్సాలో రెండో కార్బన్ మీది ప్రోటాన్ కూడా 6.2 దగ్గరే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడితే ఇంటిగ్రేషన్ ఏం చేస్తారు? డైమిథైల్ టెరిఫ్తలేట్ అయితే దాని అరోమాటిక్ ప్రోటాన్లు నాలుగూ 8.1 దగ్గర ఒంటరిగా నిలబడతాయి. డెక్సా వైపు ఒకటో కార్బన్ ప్రోటాన్ 7.3 దగ్గర డబులెట్‌గా వస్తుంది, చుట్టూ ఖాళీ, దాన్ని తీసుకున్నాం. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య ఆగే టైము కూడా పట్టుబట్టి పెంచించాను, ప్రోటాన్లు పూర్తిగా తేరుకోకముందే మళ్లీ కొడితే నెమ్మదిగా తేరుకునేవి తక్కువ కనపడి లెక్క తప్పుతుంది. అందుకే తేరుకునే ఆ టైముని (టీ1 అంటారు) ముందు కొలిపించి, దానికి ఐదు రెట్ల పైన ఉంచమన్నాను. మిషన్ టైము పెరిగిందని వాళ్లు బిల్లు కూడా పెంచారు, అది వేరే కథ.

వచ్చింది 99.1. మాస్ బ్యాలెన్స్ 99.36. ఎన్ఎంఆర్ తూకాలకీ ఇంటిగ్రేషన్‌కీ ఉండే సహజమైన అటూఇటూ చూసుకుంటే రెండూ ఒకటే చెబుతున్నాయి.

ప్రైమరీకి ఎదురుగా ఎస్సే ఇద్దరు అనలిస్టులు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మిషన్ల మీద చేశారు. ఇక్కడ ప్రైమరీ లేబుల్ చదవడమే ముఖ్యం. ఆరబెట్టి వాడమంటుందా, ఉన్నదున్నట్టు వాడమంటుందా, కంటెంట్ విలువ ఇచ్చిందా, అది ఏ ప్రాతిపదికన ఇచ్చింది. ఒక లాట్‌కి ఉన్న మాట ఇంకో లాట్‌కి ఉండాలని లేదు, అందుకే ఎస్‌ఓపీలో "ఆరబెట్టి వాడాలి" అని శాశ్వతంగా రాసిపెట్టుకోవడం నాకు నచ్చదు, లాట్ మారినప్పుడల్లా లేబుల్ చూడమని రాయించాను. సగటు 99.43, ఉన్నదున్నట్టు ప్రాతిపదికన.

లేబుల్ మీద ఏది వేయాలి? ఇక్కడ మా క్యూఏ (నాణ్యత హామీ విభాగం) మేడమ్‌కీ మా సార్‌కీ కాస్త వాదన నడిచింది. మూడింటి సగటు వేద్దామని సార్. అలా వేస్తే ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే ఏం చెబుతారని మేడమ్. నేను మేడమ్ వైపే. సెకండరీ అంటేనే ప్రైమరీ నుంచి విలువ తెచ్చుకునేది, గొలుసు అక్కడ తెగకూడదు. విలువ ఎస్సే నుంచి తీసుకోవాలి, మిగతా రెండూ కాపలా కాయాలి. ఎస్సేకీ మాస్ బ్యాలెన్స్‌కీ తేడా అర శాతం దాటితే అసలు విలువే వేయకుండా ఆగి కారణం వెతకాలని ప్రోటోకాల్‌లో ముందే రాసుకున్నాం. తేడా 0.07 వచ్చింది. 99.4 ఖాయమైంది.

జూలై ఆఖరు: వయల్స్ నింపడం

ఇది ఒక్క రోజు పని అనుకుంటారు గానీ ఏర్పాట్లకే ఎక్కువ పట్టింది. గ్లవ్ బాక్సులో తేమ తగ్గిస్తే పొడికి మంచిది, కానీ తేమ మరీ తగ్గితే స్టాటిక్ విజృంభిస్తుంది. 30 శాతానికి తెస్తే పొడి వయల్ మూతికే అంటుకుపోయి లోపలికి దిగనంది. 40 దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది, డెక్సా నీళ్లని పెద్దగా పీల్చేది కాదు కాబట్టి సరిపోయింది. అంబర్ వయల్, ఒక్కోదాంట్లో 100 మిల్లీగ్రాములు, నైట్రోజన్ పట్టి, టెఫ్లాన్ సెప్టమ్‌తో క్రింప్. పెద్ద సీసాలో నింపి రోజూ మూత తీసే పద్ధతికి స్వస్తి. ఒక వయల్ తెరిస్తే ఆ వారంతో సరి, మిగిలింది పారేయడమే. 17వ కార్బన్ పక్కనున్న సైడ్ చెయిన్ గాలికి ఆక్సీకరణ చెందే రకం, అందుకే నైట్రోజన్.

మొదట నింపినవి, మధ్యలోవి, చివరివి కొన్ని తీసి ఎస్సే, తేమ రెండూ చూశాం, వయల్‌కీ వయల్‌కీ తేడా పద్ధతికి ఉండే సహజమైన తేడాలోనే ఉంది.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీలు. దీని గురించి లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఇంకో వాక్యం వేయించాను: గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా మూత తీయకూడదు. మా తూకం గది 22 డిగ్రీలు, 50 శాతం తేమ. ఆ గాలికి మంచు పట్టే పాయింటు 11 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, అప్పుడే తెరిస్తే లోపలి పొడి మీద నీళ్లు కూర్చుంటాయి. ఏసీ గదిలోనే ఇంత ఉంటే ఈ వానల్లో కారిడార్‌లో తెరిచే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అర్జెంట్ బ్యాచ్ అని ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆ అరగంట ఆగడానికి ఓపిక ఎవరికుంటుంది? అందుకే వయల్ బయటికి తీసిన టైమూ, తెరిచిన టైమూ రెండూ యూసేజ్ లాగ్‌లో రాయాలని పెట్టాం.

ఆగస్టు

క్యూఏ సంతకం అయింది, లేబుళ్లు అంటించాం, ట్యాబ్లెట్ బ్యాచ్‌కి మొదటిసారి వాడాం. పక్కనే ప్రైమరీతో కూడా నడిపి చూశాం, రిజల్టులు మొదటి దశాంశం దాకా కలిశాయి. ఆరు నెలలకోసారి రీక్వాలిఫికేషన్. ఈసారి చూసేది ఎస్సే ఒక్కటే కాదు, ఓవెన్ కార్ల్ ఫిషర్, ఇంప్యూరిటీలు కూడా. ఎస్సే 99.4 దగ్గరే నిలబడి ఇంప్యూరిటీ ప్రొఫైల్ మారితే ఆ లాట్‌ని నేను వదిలేస్తాను.

ఇప్పుడు ఇంజెక్షన్ వైపు డెక్సామెథాసోన్ సోడియం ఫాస్ఫేట్‌కి కూడా ఇలాగే చేద్దామంటున్నారు. నాకైతే ఇష్టం లేదు. ఆ సాల్ట్ నీళ్లని ఎంతగా పట్టుకుంటుందంటే నీళ్లు, ఇథనాల్ కలిపి 16 శాతం దాకా ఫార్మకోపియానే అనుమతిస్తుంది. డబ్బా మూత తీసి తూచేలోపే బరువు మారుతుంది, బ్యాలెన్స్ మీద అంకె కళ్ల ముందే పెరుగుతుంది. దానికి ఉన్నదున్నట్టు విలువ వేయడమంటే కదిలే బస్సు నంబరు రాసుకోవడమే. పైగా లెక్కలో సాల్టు, ఫాస్ఫేట్, బేస్ (ఏమీ తగిలించని ఉత్త డెక్సా) మూడూ కలగాపులగం అవుతాయి. ఇంజెక్షన్ మీద 4 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్ అని ఉంటే అది బేస్‌గా 3.3 మిల్లీగ్రాములే. 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్ల రికవరీ ట్రయల్ ఫలితం వచ్చి ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగులకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సా అన్నప్పుడు, అది బేస్ లెక్క అని ఎంతమందికి చెప్పాల్సొచ్చిందో.

ఫాస్ఫేట్‌కి నేను ప్రతిపాదించింది ఇది: వర్కింగ్ స్టాండర్డ్ వద్దు, ప్రైమరీనే వాడదాం, కానీ తూచిన ప్రతిసారీ అదే గంటలో తేమ కూడా కొలిచి లెక్కలో సరిచేద్దాం. ఖర్చు ఎంతవుతుందో పర్చేజ్ అన్న లెక్క తీస్తున్నాడు. అది వచ్చాక మీటింగ్.